మంజూరైన రోడ్డు ఎక్కడ ఆగిందో, ఇంటి బిల్లు ఎందుకు రాలేదో మీరే కనుక్కోవడం ఎలా

మీ ఊరికి రోడ్డు మంజూరైందని పేపర్లో వచ్చి ఏడాది దాటిపోయింది, ఫ్లెక్సీలు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, గుంతలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. సర్పంచ్‌ని అడిగితే "ఎమ్మెల్యే సార్ చూసుకుంటున్నాడప్పా" అంటాడు, ఎమ్మెల్యే ఆఫీసులో అడిగితే "ఫండ్స్ రావాల" అంటారు, ఇంజనీర్ సార్‌ని అడిగితే "పైన పెండింగ్‌లో ఉంది" అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండొచ్చు. కానీ ఆ మూడు జవాబుల్లో ఒక్కటీ మీకు పనికిరాదు. ప్రభుత్వంలో ఒక పని ఒకే సంతకంతో మంజూరైపోదు, దానికి వరసగా ఆరేడు కాగితాలు పుట్టాలి, ఒక్కో కాగితం ఒక్కో ఆఫీసులో పుడుతుంది. మీ రోడ్డుకు చివరిగా పుట్టిన కాగితం ఏదో తెలిస్తే తర్వాత ఎవరి దగ్గరికి పోవాలో, ఏం అడగాలో దానంతటదే తెలిసిపోతుంది. అది తెలియకుండా ఎన్ని అర్జీలు పెట్టినా అవి ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిరుగుతూనే ఉంటాయి.

అనంతపురం, కర్నూలు, కడప వైపు వాళ్ల కోసం రాస్తున్నాను, 2022 ఏప్రిల్ 4న వీటి నుంచి విడిపోయిన సత్యసాయి, నంద్యాల, అన్నమయ్య జిల్లాల వాళ్లకూ పద్ధతి ఇదే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మీ పని ఆ తేదీకి ముందు మంజూరైనదైతే జీవోలో పాత జిల్లా పేరే ఉంటుంది. ధర్మవరం పనిని సత్యసాయి జిల్లా కింద వెతికితే దొరకదు, అనంతపురం కింద వెతకాలి.

మొదటి పని: రోడ్డు ఎవరిది, డబ్బు ఎవరిది

ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు, చాలామంది కలిపేస్తారు.

ఊరి లోపలి వీధులు, కాలువలు పంచాయతీవి. ఊరి నుంచి ఇంకో ఊరికో మెయిన్ రోడ్డుకో కలిపే చిన్న రోడ్లు చాలావరకు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్లవి. మండల కేంద్రాలను, టౌన్లను కలిపేవి ఆర్ అండ్ బీ, అంటే రోడ్లు, భవనాల శాఖ వాళ్లవి. తాగునీటి ట్యాంకులు, పైపులు ఆర్‌డబ్ల్యూఎస్, అంటే గ్రామీణ నీటి సరఫరా వాళ్లవి. ఊరి సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉంటారు, మొదట వాళ్లనే అడగండి. వాళ్లకు పవర్ తక్కువే కానీ, ఏ పని ఏ శాఖలో ఉంది, ఏ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) చూస్తున్నాడు అన్నంత వరకు చెప్పగలరు, మనకు ఇప్పుడు కావలసింది అంతే.

ఇక డబ్బు. ఇదే అసలు విషయం, ఎందుకంటే డబ్బు ఏ సంచిలోది అన్నదాన్ని బట్టే ఆలస్యానికి కారణం మారుతుంది.

పంచాయతీ ఖాతాకు నేరుగా వచ్చే పెద్ద డబ్బు ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం కాలంలో, అంటే 2021 నుంచి 2026 వరకు, దానిలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలి, మిగిలిన 40 శాతమే ఊరి ఇతర అవసరాలకు. కాబట్టి ఖాతాలో డబ్బు కనబడుతున్నా సిమెంట్ రోడ్డుకు కుదరదని సర్పంచ్ అంటే అది సాకే అని కొట్టిపారేయకండి, లెక్క చూడండి. ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ పేరు ఎంచుకుంటే ఆ ఏడాది ప్లాన్‌లో ఏ పనులు పెట్టారు, దేనికి ఎంత చెల్లించారు అన్నది లాగిన్ లేకుండానే కనిపిస్తుంది. ఫోన్‌లోనే చూడొచ్చు. ప్లాన్‌లో లేని పనికి చెల్లింపు కనబడినా, ప్లాన్‌లో ఉన్న పని రెండేళ్లుగా కదలకపోయినా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

రెండోది ఉపాధి హామీ. దేశం మొత్తానికి ఈ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. 2025 డిసెంబరులో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. పాత చట్టంలో కూలికి 60, మెటీరియల్‌కు 40 అన్నది నిష్పత్తి, ఊళ్లలో సీసీ రోడ్లు వేసింది ఆ మెటీరియల్ వాటాతోనే. 2024 అక్టోబరు 14 నుంచి పల్లె పండుగ పేరుతో రాష్ట్రంలో సుమారు 30 వేల పనులకు, 4,500 కోట్లకు శంకుస్థాపనలు జరిగాయి, అదీ ఈ డబ్బే. కూలి పనులు తగ్గితే మెటీరియల్ వాటా కూడా తగ్గుతుంది. ఊరి పెద్దలకు ఈ లింకు చాలామందికి తెలియదు. ఈ పథకం కింద ప్రతి పనికీ ఒక వర్క్ కోడ్ ఉంటుంది, అది సంపాదిస్తే ఎంత ఖర్చు రాశారో ఆన్‌లైన్‌లో తేలిపోతుంది. సోషల్ ఆడిట్, అంటే ఊరివాళ్ల ముందే పనుల లెక్కలు తనిఖీ చేయడం, దాన్ని పెద్ద ఎత్తున చేసి చూపించిన మొదటి జిల్లాల్లో అనంతపురం ఒకటి, అదీ 2006లోనే. మీ ఊళ్లో ఆడిట్ గ్రామసభ పెడితే దయచేసి పోయి కూర్చోండి.

మూడోది అప్పు. రోడ్లలో చాలావాటికి రాష్ట్రం నాబార్డ్ నుంచి ఆర్‌ఐడీఎఫ్, అంటే గ్రామీణ మౌలిక వసతుల నిధి కింద అప్పు తెస్తుంది. ఈ నిధి 1995-96 నుంచి ఉంది. నాబార్డ్ మొదట కొంత అడ్వాన్సు ఇచ్చి, మిగతాది రాష్ట్రం ఖర్చు చేసి లెక్క చూపించాకే ఇస్తుంది. రాష్ట్రం కాంట్రాక్టర్‌కు బిల్లు ఇవ్వకపోతే ఖర్చు చూపించలేదు, ఖర్చు చూపించకపోతే నాబార్డ్ ఇవ్వదు, అక్కడ అలా ఆగిపోతుంది. 250 జనాభా దాటిన ఊళ్లకు రోడ్లు వేయడానికి ఆసియా మౌలిక వసతుల బ్యాంకు 2018లో 45.5 కోట్ల డాలర్లు ఒప్పుకున్న ప్రాజెక్టు కూడా ఇలాంటిదే, అప్పు వాళ్లది అయినా రాష్ట్రం తన వాటా పెట్టాలి. జల్ జీవన్ మిషన్ కుళాయిల్లో కేంద్రం సగం, రాష్ట్రం సగం. "కేంద్రం ఇచ్చింది కదా" అని వాదించే ముందు రాష్ట్రం వాటా విడుదలైందా అన్నది అడగండి. చాలాసార్లు ముడి అక్కడే ఉంటుంది.

యర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి, కొలిమిగుండ్ల వైపు, అంటే సిమెంట్ ఫ్యాక్టరీలు, సున్నపురాయి గనులు ఉన్న చోట ఇంకో సంచి ఉంది, జిల్లా ఖనిజ నిధి, డీఎంఎఫ్ అంటారు. 2015లో చట్టం మార్చి తెచ్చారు. గనుల వాళ్లు రాయల్టీ మీద అదనంగా, పాత లీజులైతే 30 శాతం, వేలంలో తీసుకున్నవైతే 10 శాతం, ఈ నిధికి కట్టాలి. 2024లో మార్చిన నిబంధనల ప్రకారం కనీసం 70 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటి వాటికే, రోడ్లు మిగిలిన 30 శాతంలోకి వస్తాయి. దుమ్ము తినేది మీరైతే ఆ డబ్బు మీ ఊరికి ఎంత వచ్చిందో అడిగే హక్కు మీకు గట్టిగా ఉంది. జిల్లా కలెక్టర్ ఆఫీసుకు, గనుల శాఖకు సమాచార హక్కు కింద రాయండి.

ఎస్సీ కాలనీ రోడ్డు, కాలువ విషయమైతే ఇంకొకటి. మన రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. బడ్జెట్ పద్దుల్లో 789 అనే అంకె ఉంటే అది ఎస్సీల వాటా, 796 ఉంటే ఎస్టీల వాటా. కాలనీ పేరు చెప్పి తీసుకున్న డబ్బుతో వేరే వీధిలో రోడ్డు పడిందని అనుమానం వస్తే పట్టుకోవలసింది ఆ అంకెనే.

కాగితాల వరస

ఏఈ దగ్గరికి పోయేటప్పుడు "సార్, మా రోడ్డు ఎప్పుడు వేస్తారు" అని అడగొద్దు. దానికి "త్వరలో" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. ఇలా అడగండి: "సార్, మా రోడ్డుకు ఏఎస్ నంబరు, తేదీ చెప్పండి. టీఎస్ అయిందా? టెండర్ పిలిచారా? అగ్రిమెంట్ అయితే నంబరెంత, గడువు ఎప్పటికి?" మర్యాదగా, నోట్‌బుక్ చేతిలో పెట్టుకుని అడగండి. ఈ నాలుగు మాటలు తెలిసిన మనిషి వచ్చాడని చూస్తే జవాబు తీరే మారిపోతుంది.

ఏఎస్ అంటే పరిపాలనా అనుమతి. ఏఈ వేసిన ఎస్టిమేట్ పైకి పోయి, ఈ పని ఇంత ఖర్చుతో చేసుకోవచ్చు అని ప్రభుత్వమో, కలెక్టరో, మొత్తాన్ని బట్టి ఎవరికి అధికారం ఉంటే వాళ్లు ఇచ్చే ఉత్తర్వు. పేపర్లో "మంజూరు" అని వచ్చేది సాధారణంగా ఇదే. ఏఎస్ వచ్చిందంటే ప్రభుత్వం ఒప్పుకుందని అర్థం, అంతే, డబ్బు తీసి పక్కన పెట్టిందని కాదు. శంకుస్థాపన ఫోటో ఏ కాగితానికీ రుజువు కాదు.

టీఎస్ అంటే సాంకేతిక అనుమతి. రేట్లు ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ రేట్ల పట్టిక) ప్రకారం ఉన్నాయా, డిజైన్ సరిగ్గా ఉందా అని పై ఇంజనీర్ చూసి సంతకం పెడతాడు. ఏఎస్ అయి నెలలు గడిచినా టీఎస్ కాలేదంటే చాలావరకు స్థలం తగాదా, ఎస్టిమేట్‌లో లోపం, లేదా రోడ్డు మధ్యలో ఎవరిదో పట్టా భూమి. ఇవి ఊళ్లోనే తేల్చుకోవలసిన విషయాలు, విజయవాడ పోయినా తేలవు. డీఈఈని, అంటే ఏఈ పైన ఉండే డిప్యూటీ ఇంజనీర్‌ని కలిసి "ఏం అడ్డం ఉంది సార్" అని సూటిగా అడిగితే చెబుతారు.

టెండర్ పిలిచినా ఎవరూ వేయలేదు అంటే అర్థం వేరు. పాత బిల్లులు రాక కాంట్రాక్టర్లు కొత్త టెండర్లకు ముందుకు రాని రోజులు ఈ రాష్ట్రంలో అందరూ చూసినవే. అగ్రిమెంట్ అయ్యాక కూడా పని మొదలుకాలేదంటే మాత్రం మీ చేతిలో బలం ఉన్నట్టే, ఎందుకంటే అగ్రిమెంట్‌లో గడువు రాసి ఉంటుంది, గడువు దాటితే ఏం చేయాలో కూడా రాసి ఉంటుంది. "గడువు పొడిగించారా, ఎన్నిసార్లు, ఏ కారణంతో" అని అడగండి.

ఉత్తర్వు కాపీ కావాలంటే జీవోల వెబ్‌సైట్‌లో వెతకండి. 2021 ఆగస్టులో జీవోలు అందులో పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టు చివర్లో మళ్లీ పెట్టడం మొదలుపెట్టారు. మధ్యలో మంజూరైన పనులకు జీవో అక్కడ దొరక్కపోతే మీ వెతుకులాట తప్పు అనుకోకండి, సమాచార హక్కు దరఖాస్తుతోనే తెచ్చుకోండి.

బడ్జెట్ పుస్తకం తెరవండి, భయపడకండి

2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్, అంటే మన ఉరవకొండ ఎమ్మెల్యేనే, 2025-26కు 3.22 లక్షల కోట్ల బడ్జెట్ పెట్టారు. దానిలో 2.51 లక్షల కోట్లు రెవెన్యూ ఖర్చు, అంటే జీతాలు, పింఛన్లు, పథకాలు, వడ్డీలు. కొత్తగా ఆస్తులు కట్టడానికి, అంటే ప్రాజెక్టులు, రోడ్లు, భవనాలు, పెట్టిన మూలధన వ్యయం 40,635 కోట్లు. మీ ఊరి రోడ్డు పోటీ పడేది మొదటి అంకెతో కాదు, ఈ చివరి అంకెలో వాటా కోసం. రాష్ట్రంలోని అన్ని కాలువలూ అన్ని రోడ్లూ అందులోనే ఉన్నాయి.

ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో శాఖలవారీగా డిమాండ్ పుస్తకాలు ఉంటాయి. రోడ్లకు 5054 అనే పద్దు, రోడ్ల మరమ్మతులకు 3054, ఇళ్లకు 2216, తాగునీటి పనులకు 4215. పేజీలో వరసగా నాలుగు గళ్లు ఉంటాయి: రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయింది, పోయినేడు బడ్జెట్‌లో చెప్పింది, పోయినేడు సవరించింది, ఈ ఏడాది చెప్పేది. అందరూ చివరి గడే చూస్తారు, పేపర్లలో వచ్చేది కూడా అదే. మీరు మొదటి గడి చూడండి. ఒక పథకానికి ప్రతి ఏడాదీ వందల కోట్లు చెబుతూ, ఖర్చు గడిలో మాత్రం పదుల కోట్లే కనబడుతుంటే ఆ పథకం మీద ఆశ పెట్టుకుని ఊరికి మాట ఇవ్వకండి. చెప్పింది, సవరించింది, ఖర్చయింది మూడూ దగ్గరగా ఉన్న పథకం ఏదో చూసి, మీ పనిని దాని కిందికి పెట్టమని అడగండి. ఒకే రోడ్డుకు రెండు మూడు పథకాల్లో వీలుంటుంది, ఏ దాంట్లో పెట్టాలన్నది కింది స్థాయిలోనే తేలుతుంది, ఆ మాట ముందే చెప్పగలిగితే చాలా పని జరుగుతుంది.

వెనకబడిన జిల్లాలకు స్పెషల్ గ్రాంట్ అని మనం ఇప్పటికీ అంటుంటాం. రాయలసీమ నాలుగు జిల్లాలకు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలకు ఏటా జిల్లాకు 50 కోట్ల చొప్పున 2014-15 నుంచి మూడేళ్లు వచ్చింది. ఆ పేరుతో ఇప్పుడు పని చేయిస్తామని ఎవరైనా చెబితే ఏ ఏడాది డబ్బు, ఏ జీవో అని అడగండి.

సమాచార హక్కు దరఖాస్తు ఇలా రాయండి

కారణం చెప్పక్కర్లేదు. తెల్ల కాగితం మీద తెలుగులో రాయొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు ఫీజు కట్టక్కర్లేదు, కార్డు జిరాక్స్ జతచేయాలి. ఎందుకు ఆలస్యమైంది, ఎవరిది తప్పు లాంటి ప్రశ్నలు వేయొద్దు, వాటికి జవాబు రాదు. కాగితాలు అడగండి:

"పౌర సమాచార అధికారి గారికి, కార్యనిర్వాహక ఇంజనీరు కార్యాలయం, పంచాయతీరాజ్ శాఖ. ఫలానా గ్రామం నుంచి ఫలానా గ్రామం వరకు రోడ్డు పనికి సంబంధించి ఈ కింది వాటి నకళ్లు ఇవ్వగలరు. పరిపాలనా అనుమతి ఉత్తర్వు. సాంకేతిక అనుమతి, దానితో ఉన్న ఎస్టిమేట్. కాంట్రాక్టర్‌తో చేసుకున్న అగ్రిమెంట్, గడువు పొడిగింపు ఉత్తర్వులు ఉంటే అవి. ఈ రోజు వరకు రాసిన ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలు. క్వాలిటీ కంట్రోల్ పరీక్షల రిపోర్టులు. ఇప్పటివరకు సమర్పించిన, చెల్లించిన బిల్లుల వివరాలు, బిల్లు నంబర్లతో. ఈ పని ఫైలును నేను స్వయంగా చూసుకోవడానికి ఒక తేదీ ఇవ్వగలరు."

చివరి వాక్యం మరిచిపోకండి. ఫైలు చూడటానికి మొదటి గంట ఉచితం, అందులో నోట్ ఫైలు చదివితే ఎవరు ఎన్నాళ్లు పెట్టుకున్నారో తేదీలతో సహా కనబడుతుంది. జిరాక్స్ పేజీకి 2 రూపాయలు. రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, లేదా చేతికిచ్చి మీ కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి.

వేరే ఆఫీసుదైతే వాళ్లే 5 రోజుల్లో అక్కడికి పంపాలి, "మాది కాదు" అని తిప్పి పంపడానికి లేదు. 30 రోజుల్లో రాకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, 30 రోజుల లోపల. అక్కడా తేలకపోతే 90 రోజుల లోపల రాష్ట్ర సమాచార కమిషన్‌కు. కమిషన్ దాకా పోతే ఆలస్యమవుతుంది, కానీ చాలావరకు మొదటి అప్పీలు నోటీసు పోగానే కాగితాలు కదులుతాయి.

పని మొదలయ్యాక టేపు పట్టుకోండి

ఇక్కడ ఊరివాళ్లు చేయగలిగింది చాలా ఉంది. ఎస్టిమేట్ కాపీ మీ దగ్గర ఉంటే సీసీ రోడ్డు ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత మందం అన్నది మూడు అంకెల్లో ఉంటుంది. ఉదాహరణకు 200 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అనుకుందాం. గుణిస్తే 90 ఘనపు మీటర్ల కాంక్రీట్. అదే మందం 12 సెంటీమీటర్లే పోస్తే 72 అవుతుంది, 18 ఘనపు మీటర్లు మాయం. పైనుంచి చూస్తే ఈ తేడా ఎవరికీ కనబడదు. అందుకే కాంక్రీట్ పోసిన తర్వాత పక్కన మట్టితో పూడ్చక ముందే అంచున స్కేల్ పెట్టి కొలవండి, అదీ ఒక్క చోట కాదు, నాలుగైదు చోట్ల, మధ్య మధ్యలో. స్కేల్ మీద అంకె కనబడేలా, వెనకాల ఇల్లో స్తంభమో గుర్తుపట్టేలా ఫోటో తీయండి. కాంక్రీట్ కింద కంకర పొర వేయాలని ఎస్టిమేట్‌లో ఉంటే, పోయక ముందు రోజు పోయి అది ఉందో లేదో చూడండి, తర్వాత చూడటానికి ఉండదు. క్యూరింగ్ సంగతీ అంతే, మన ఎండలకు సరిగ్గా నీళ్లు తడపకపోతే ఆ రోడ్డు తొందరగా పొడి రాలడం మొదలుపెడుతుంది.

ఎం-బుక్ అంటే ఏఈ కొలిచి రాసే పుస్తకం. కాంట్రాక్టర్‌కు డబ్బు వచ్చేది ఆ పుస్తకంలో రాసిన కొలతలకే, రోడ్డుకు కాదు. మీ కొలతకు, ఎం-బుక్ కొలతకు తేడా ఉంటే గొడవ పెట్టుకోకుండా రాతపూర్వకంగా ఈఈకి (కార్యనిర్వాహక ఇంజనీరుకు) ఇవ్వండి, "చెక్ మెజర్‌మెంట్ మా సమక్షంలో చేయండి" అని. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) ప్రకారం పనిని పరిశీలించే హక్కు, మెటీరియల్ శాంపిల్ అడిగే హక్కు కూడా ఉన్నాయి, ఈ సంగతి దరఖాస్తులో రాస్తే ఫలితం ఉంటుంది. రోడ్డు అయిపోయాక కూడా కొంతకాలం పాటు రిపేర్లు కాంట్రాక్టరే చేయాలి, ఆ గడువు అగ్రిమెంట్‌లో ఉంటుంది. మొదటి వానకే పగిలితే ప్రభుత్వ డబ్బు కోసం ఎదురుచూడక్కర్లేదు.

పని సగంలో ఆగితే

కాంట్రాక్టర్ మిషన్లు తీసుకుపోయాడంటే చాలావరకు బిల్లు గొడవే. బిల్లు డీఈఈ, ఈఈ దాటి పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు పోతుంది, అక్కడ పాసయ్యాక సీఎఫ్‌ఎంఎస్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో, డబ్బు విడుదలకు వరసలో ఉంటుంది. 2018 నుంచి రాష్ట్ర ఖజానా చెల్లింపులు సాధారణంగా ఈ సీఎఫ్‌ఎంఎస్ ద్వారానే. కాబట్టి అడగవలసింది ఒక్కటే, బిల్లు ఇంజనీర్ ఆఫీసు దాటిందా లేదా. దాటకపోతే జిల్లాలోనే తేలుతుంది, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో అగ్రిమెంట్ నంబరుతో సహా అర్జీ ఇవ్వండి. సీఎఫ్‌ఎంఎస్‌లో ఉంటే కలెక్టర్ కూడా చేయగలిగింది తక్కువ, అప్పుడు ఎమ్మెల్యే, ఎంపీ దగ్గరికి పోవడమే న్యాయం, కానీ బిల్లు నంబరు, తేదీ, మొత్తం రాసిన చీటీతో పోండి, ఉత్త మాటతో పోతే మరిచిపోతారు. 1100కు ఫోన్ చేసినా అర్జీ నమోదవుతుంది, ఆ నంబరు రాసి పెట్టుకోండి.

మార్చి 31 దగ్గర పడుతుంటే తొందరపడాలి. ఆ ఏడాది కేటాయించి ఖర్చు పెట్టని డబ్బు మామూలుగా మురిగిపోతుంది, తర్వాత ఏడాది మళ్లీ మొదటి నుంచి అడగాలి.

ఇంటి విషయం

ఇల్లు మీదే కాబట్టి అది వేరే లెక్క. 2020 డిసెంబరు 25న మొదలైన పేదలందరికీ ఇళ్లు పథకంలో ఇంటికి 1.80 లక్షలు, అందులో 1.50 లక్షలు ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద, 30 వేలు ఉపాధి కూలి కింద. జాబ్ కార్డు సరిగ్గా లేకపోతే ఆ 30 వేలు ఆగుతాయి. ధరలు పెరిగి ఇళ్లు మధ్యలో ఆగిపోయినవాళ్లకు 2025 మార్చిలో అదనపు సాయం ప్రకటించారు, బీసీ, ఎస్సీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, నల్లమలలోని చెంచుల్లాంటి ఆదిమ గిరిజనులకు లక్ష.

డబ్బు ఒకేసారి రాదు, బేస్‌మెంట్, రూఫ్ లెవల్, స్లాబ్, పూర్తి అని దశలవారీగా వస్తుంది. బిల్లు రాలేదని బాధపడే ముందు మూడు విషయాలు చూడండి. ఇల్లు ఉన్న దశకు, ఆన్‌లైన్‌లో చూపించే దశకు తేడా ఉందా? స్లాబ్ పడినా ఆన్‌లైన్‌లో బేస్‌మెంట్ దగ్గరే ఉంటే హౌసింగ్ ఏఈ వచ్చి ఫోటో తీసి అప్‌డేట్ చేయాలి. రెండు, ఆధార్ మీ బ్యాంకు ఖాతాకు ఎన్‌పీసీఐ లింక్ (ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే లింకు) అయిందా? రెండు మూడు ఖాతాలు ఉన్నవాళ్లకు డబ్బు ఎప్పుడో తెరిచి మరిచిపోయిన పాత ఖాతాలో పడి ఉన్న సందర్భాలున్నాయి, బ్యాంకులో ఒక్కసారి అడగండి. మూడు, పట్టా ఇంటి ఆడమనిషి పేరు మీద ఉండి, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉందా? ఈ తేడా చిన్నదే కానీ బిల్లును నెలల తరబడి ఆపుతుంది. సిమెంట్, ఇనుము ప్రభుత్వం నుంచి తీసుకుంటే దాని విలువ బిల్లులో పట్టుకుంటారు, ఎంత పట్టుకున్నారో చీటీ అడగండి.

కాలనీలో రోడ్డు లేదు, కరెంటు లేదు, నీళ్లు లేవు అని హౌసింగ్ వాళ్లను తిట్టి లాభం లేదు. ఇంటి డబ్బు ఒక సంచి, కాలనీ వసతుల డబ్బు ఇంకో సంచి. ఊరి కాలనీలో నీళ్లు ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్లవి, మన మూడు జిల్లాల్లో కరెంటు ఎస్‌పీడీసీఎల్ వాళ్లది, రోడ్లు పంచాయతీరాజ్ వాళ్లవి. అందుకే కాలనీ వాళ్లంతా ఒక్క అర్జీ కాకుండా మూడు అర్జీలు రాసి, మూడింటి కింద అందరూ సంతకాలు పెట్టండి.

టౌన్లలో టిడ్కో ఇళ్లు, కర్నూలు జగన్నాథగట్టు మీద ఉన్నవాటిలాంటివి, 300, 365, 430 చదరపు అడుగుల్లో ఉంటాయి. పెద్ద సైజు వాటికి మీ పేరు మీద బ్యాంకు లోన్ ఉంటుంది. ఇల్లు చేతికి రాకముందే కంతుల నోటీసు వచ్చినవాళ్లున్నారు కాబట్టి తాళం ఇచ్చినా ఇవ్వకపోయినా బ్రాంచికి పోయి లోన్ స్టేట్‌మెంట్ ఒకటి తీసుకోండి.

కొత్త పని కావాలంటే ఎప్పుడు అడగాలి

ఎండాకాలంలో కాదు. పంచాయతీ వచ్చే ఏడాది ప్లాన్ తయారు చేసేది సాధారణంగా అక్టోబరు 2 నుంచి జనవరి చివరిలోపు, శాఖలు ఆర్థిక శాఖకు ప్రతిపాదనలు పంపేది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే. ఫిబ్రవరిలో బడ్జెట్ చదివాక అర్జీ పట్టుకుని తిరగడం అంటే బస్సు వెళ్లిపోయాక స్టాండ్‌కు పోవడమే. అక్టోబరు గ్రామసభకు మీ వీధి నుంచి పదిహేను ఇరవై మంది, ఆడవాళ్లతో సహా పోండి. రోడ్డు కావాలి అని మాత్రమే అనకుండా ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత పొడవు, ఎన్ని ఇళ్లు, బడి పిల్లలు ఎంతమంది, సర్వే నంబర్లు ఏవి, పట్టా భూమి అడ్డం లేదని సంబంధిత రైతు సంతకం, ఇవన్నీ ఒక పేజీలో రాసి ఇవ్వండి. తీర్మానం పుస్తకంలో రాశారా లేదా అక్కడే చూసి, పంచాయతీ కార్యదర్శి సంతకంతో కాపీ అదే వారంలో తీసుకోండి. ఆ కాపీ ఒకటి ఏఈకి, ఒకటి ఎంపీడీఓకి ఇచ్చి సీలు వేయించుకోండి, జనవరిలో ఈ-గ్రామ్ స్వరాజ్ తెరిచి మీ పని ప్లాన్‌లో ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే ప్లాన్ ఖరారు కాకముందే కార్యదర్శిని అడగడానికి ఇంకా టైమ్ ఉంటుంది.